ఆపరేషన్ తర్వాత నొప్పి: ఎలా అడగాలి, ఎలా తగ్గించాలి, తగ్గిందని ఎలా తెలుసుకోవాలి

సర్జికల్ వార్డులో కొత్తగా చేరినవాళ్లు, చివరి ఏడాది నర్సింగ్ విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "పేషెంట్ నొప్పి అంటున్నాడు, చార్టులో ఎస్ఓఎస్ (అవసరమైతే ఇవ్వండి) అని రాసి ఉంది, ఇప్పుడే ఇచ్చేయాలా, కాసేపు ఆగాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, ఇక ఒకేచోట రాసేద్దామని కూర్చున్నాను. మంచం దగ్గరికి వెళ్లినప్పటి నుంచి నోట్స్ రాసేదాకా ఏం చేయాలో వరసగా ఉంటుంది. ఇక్కడి డోసులు పెద్దవాళ్లకు మామూలుగా వాడేవి. మీ డాక్టరు ఆర్డరు, మీ వార్డు ప్రోటోకాల్ వేరుగా ఉంటే వాటినే పాటించండి.

నొప్పి అంకెను సున్నాకు తెచ్చి తీరాలని పట్టుబట్టకండి. పేషెంట్ గట్టిగా ఊపిరి పీల్చగలగాలి, దగ్గగలగాలి, పక్కకు తిరగగలగాలి, లేచి నాలుగడుగులు వేయగలగాలి. పొట్ట ఆపరేషన్ అయిన మనిషి నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తూ కదలకుండా పడుకున్నాడనుకోండి, కఫం పేరుకుంటుంది, ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇవన్నీ జరుగుతున్నా పైకి మాత్రం "సైలెంట్‌గా ఉన్నాడు, మంచి పేషెంట్" అనిపిస్తాడు.

కావలసినవి

సెకన్ల ముల్లున్న వాచీ, పల్స్ ఆక్సీమీటర్, బీపీ మిషన్, 0 నుంచి 10 దాకా అంకెలున్న స్కేలు కార్డు, పిల్లలుంటే ముఖాల బొమ్మల కార్డు, డ్రగ్ చార్టు, అనస్థీషియా షీటు. ఈ చివరిదాన్ని చాలామంది తెరవరు. థియేటర్లో చివర్లో పారాసిటమాల్ ఎక్కించి ఉంటారు, పేషెంట్ వార్డుకు రాగానే ఇక్కడ మరొకటి వేలాడదీస్తారు. షీటు చూస్తే ఏ మందు ఎన్నింటికి పడిందో, స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఇచ్చారా, నరం దగ్గర బ్లాక్ (ఆ భాగాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇచ్చారా అన్నది తెలుస్తుంది. మార్ఫిన్ లాంటివి ఇచ్చే వార్డయితే ఆక్సిజన్, సక్షన్, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పనిచేస్తున్నాయో లేదో షిఫ్టు మొదట్లోనే చూసుకోండి. నాలోక్సోన్ (మార్ఫిన్ ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) ఏ డ్రాయర్లో ఉందో వెతక్కుండా తీసేలా తెలిసి ఉండాలి.

1. నొప్పి సంగతి అడిగేముందు మనిషిని చూడండి

మంచం దగ్గర నిలబడి ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు, మత్తులో ఉన్నవాళ్ల ఊపిరి ఒక తీరుగా ఉండదు. తర్వాత ఎస్పీఓటూ (రక్తంలో ఆక్సిజన్ శాతం), పల్స్, బీపీ, డ్రెస్సింగ్ తడిసిందా, డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, యూరిన్ ఎంత వచ్చింది.

పేషెంట్ మంచంలో అటూ ఇటూ దొర్లుతూ, మాస్కు లాగేస్తూ ఉంటే అది నొప్పేనని వెంటనే అనుకోవద్దు. ఆక్సిజన్ అందకపోయినా, లోపల రక్తం పోతున్నా మనిషి అలాగే అల్లాడతాడు. ఆ రెండూ కావని తేల్చుకోకుండా మత్తు మందు ఇస్తే అల్లాడడం ఆగుతుంది, మీ టెన్షన్ తగ్గుతుంది, కానీ అసలు ప్రమాదం కనబడకుండా పోతుంది.

2. కదిలించి అడగండి

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. వెల్లకిలా కదలకుండా పడుకున్న మనిషిని "నొప్పి ఎంతుంది?" అంటే "పర్లేదు, రెండు" అంటాడు. అదే మనిషిని "ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి దగ్గండి" అనండి. ముఖం ముడుచుకుపోతుంది, చెయ్యి కుట్ల మీదికి వెళ్తుంది, ఎనిమిది అంటాడు. రెండు అంకెలూ రాయండి: పడుకున్నప్పుడు 2, దగ్గినప్పుడు 8. మీరు మందు ఇవ్వాల్సింది రెండో అంకెను చూసి.

స్కేలును ఇలా వివరించండి: "సున్నా అంటే నొప్పి అసలు లేదు, పది అంటే మీరు ఊహించగలిగినంత ఘోరమైన నొప్పి, ఇప్పుడు మీది ఎంత?" సాధారణంగా 1 నుంచి 3 తక్కువ, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 తీవ్రం అని లెక్క. కొందరికి అంకెలు ఎంత చెప్పినా ఎక్కవు, వాళ్లతో కుస్తీ పట్టకుండా "లేదు, కొంచెం, బాగా, భరించలేనంత" అని నాలుగు మాటలిచ్చి ఎంచుకోమనండి. ఏది వాడినా ఆ పేషెంట్‌కు అన్ని షిఫ్టుల్లోనూ అదే వాడాలి, లేకపోతే పొద్దున్న రాసినదాన్ని రాత్రి రాసినదానితో పోల్చలేం.

అంకె ఒక్కటే సరిపోదు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎటైనా పాకుతోందా, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నొప్పి ఎలా ఉందో వాళ్ల మాటల్లోనే చెప్పనివ్వండి. ఈ విషయంలో మన భాష మనకు భలే సాయం చేస్తుంది. కోసినట్టు, కుట్ల దగ్గర లాగినట్టు అంటే చాలావరకు గాయం నొప్పి. మెలిపెట్టినట్టు వచ్చి పోతోంది అంటే పేగుల్లో గాలి గురించి ఆలోచించాలి. కరెంటు కొట్టినట్టు, మంటగా, తిమ్మిరిగా అంటే నరం సంగతి, దానికి మామూలు మందులు అంతగా లొంగవు, డాక్టరుకు విడిగా చెప్పాలి. మూడో నాలుగో రోజు తగ్గాల్సిన నొప్పి సలుపు పెడుతోంది అంటే డ్రెస్సింగ్ కింద ఎర్రబడిందా, వేడిగా ఉందా, చీము పడుతోందా చూడాలి. అందుకే నోట్స్‌లో ఒట్టి "పెయిన్ ప్రెజెంట్" అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది.

3. చెప్పలేనివాళ్లకు

చిన్నపిల్లలకు, రెండు నెలల నుంచి ఏడేళ్ల దాకా, ఫ్లాక్ స్కేలు వాడతారు: ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకుంటున్నారా. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. మూడేళ్లు దాటి మాట వింటే ముఖాల బొమ్మల కార్డు ఇవ్వండి. బొమ్మను పిల్లలే చూపించాలి. పిల్లవాడి ముఖం చూసి మీరే "ఇది నాలుగో బొమ్మలా ఉంది" అని రాయడం తప్పు, కానీ ఈ పని చాలామంది చేస్తారు.

వెంటిలేటర్ మీద ఉన్న పెద్దవాళ్లకు సీపాట్ స్కేలు ఉంది: ముఖ కవళికలు, ఒంటి కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో సర్దుకుంటున్నారా. మొత్తం 8కి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పి ఉన్నట్టే చూడాలి. మతిమరుపు జబ్బున్న వృద్ధులకు పెయినాడ్ స్కేలు వాడొచ్చు. ఏ స్కేలూ గుర్తు రాకపోతే రోజూ పక్కనుండే కుటుంబ సభ్యుణ్ని "ఈయన మామూలుగా ఇలాగే ఉంటారా?" అని అడగండి, చాలాసార్లు అదే ఎక్కువ చెబుతుంది.

నిద్రపోతున్నాడు కాబట్టి నొప్పి లేదు అని రాయకండి. అలసటకో, మత్తుకో కళ్లు మూతపడొచ్చు. అలాగే పల్స్, బీపీ మామూలుగా ఉన్నాయి కాబట్టి నొప్పి అబద్ధం అనుకోకండి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవాళ్లకు పల్స్ పెరగకపోవచ్చు, మిగతావాళ్లలో కూడా కాసేపటికి మామూలు స్థాయికి దిగిపోవచ్చు.

4. ఇది కుట్ల నొప్పేనా?

నా మొదటి ఏడాదిలో జరిగింది ఇది. హెర్నియా ఆపరేషన్ అయిన పెద్దాయన, సాయంత్రం నుంచి కడుపు నొప్పి, కడుపు నొప్పి అంటున్నాడు. నేను చార్టులో ఉన్న ట్రమడాల్ ఇచ్చాను. గంట తర్వాత ఇంకా ఎక్కువ గోల. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తుండగా సీనియర్ సిస్టర్ వచ్చి, ఆయన పొత్తికడుపు మీద చెయ్యి వేసి, నన్ను చూసి, "యూరిన్ ఎప్పుడు పోశాడు?" అంది. స్పైనల్ తర్వాత అసలు పోయలేదు. కేథటర్ వేస్తే దాదాపు 900 మిల్లీలీటర్లు వచ్చింది, మరుక్షణం ఆయన నవ్వాడు. అప్పటి నుంచి పొత్తికడుపు తాకి చూడకుండా నేను నొప్పి మందు ఇవ్వలేదు.

ఇచ్చేముందు ఇవి చూసుకోండి. కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా మందుతో సరిపెట్టకుండా డాక్టరును పిలవాలి:

- చెయ్యికో కాలికో ఆపరేషన్ అయ్యి, కట్టో ప్లాస్టరో ఉండి, ఎంత మందిచ్చినా నొప్పి పెరుగుతూనే ఉంటే, మీరు కాలివేళ్లను మెల్లగా వంచి చాచినప్పుడు కేకపెడితే, కండరం రాయిలా బిగుసుకుని ఉంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరం లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం) అనుకోవాలి. పల్స్ అందుతోంది కదా అని ధైర్యపడొద్దు, పల్స్ పోయేది చివర్లో. కాలిని గుండె ఎత్తులోనే ఉంచండి, దిండ్ల మీద ఇంకా పైకి లేపొద్దు, ఐస్ పెట్టొద్దు.
- పొట్ట చెక్కలా గట్టిపడడం, ఉబ్బరం, నొప్పితో పాటు పల్స్ పెరిగి బీపీ తగ్గడం.
- ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం.
- ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టడం. దాన్ని మర్దన చేయనివ్వకండి, ఇంటివాళ్లు ప్రేమకొద్దీ నూనె రాసి రుద్దడానికి సిద్ధంగా ఉంటారు.

లాప్రోస్కోపీ అయినవాళ్లు "కడుపుకు ఆపరేషన్ చేసి భుజం నొప్పంటేంటి?" అని కంగారు పడతారు. పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రమ్‌ను రేపడం వల్ల అలా భుజానికి వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. నడిపించండి, ధైర్యం చెప్పండి. అయితే అదే నొప్పి ఛాతీలోకో ఎడమ చేతిలోకో పాకుతూ చెమటలు పడుతుంటే అది వేరే కథ, వెంటనే ఈసీజీ తీయించాలి.

5. మందు ఇవ్వడం

చార్టులో నాలుగు చూడండి: చివరి డోసు ఎప్పుడు, అలర్జీ, కిడ్నీ లేదా లివర్ జబ్బు, మత్తు కలిగించే మందు ఇంకేదైనా నడుస్తోందా.

అసలు పద్ధతి ఏమిటంటే, ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు పారాసిటమాల్ గడియారం ప్రకారం ఇస్తూ పోవాలి. ఎన్‌ఎస్‌ఏఐడీ (డైక్లోఫెనాక్ లాంటి నొప్పి, వాపు మందు) ఇవ్వదగిన పేషెంటయితే దాన్ని కూడా అలాగే జోడిస్తారు, బలమైనదాన్ని అవసరాన్ని బట్టి మీద కలుపుతారు. ఇలా కలిపితే మార్ఫిన్ తక్కువతో సరిపోతుంది. క్లాసులో నేర్చుకున్న డబ్ల్యూహెచ్‌ఓ నిచ్చెన, తక్కువ మందుతో మొదలుపెట్టి పైకి వెళ్లేది, 1986లో క్యాన్సర్ నొప్పి కోసం వచ్చింది. పెద్ద ఆపరేషన్ అయిన రోజున దాన్ని అలాగే పట్టుకుంటే పేషెంట్ మొదటి మెట్టు దగ్గరే అల్లాడతాడు. ఇక్కడ పై మెట్టు నుంచి మొదలై రోజురోజుకీ కిందికి దిగుతాం.

పారాసిటమాల్ 1 గ్రాము, ఐవీ (నరంలోకి) అయితే 15 నిమిషాల్లో ఎక్కించాలి, అన్ని దారుల్లో కలిపి 24 గంటల్లో 4 గ్రాములు మించొద్దు. 50 కిలోల లోపు వాళ్లకు కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్క. ట్రమడాల్‌తో కలిసి వచ్చే మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, దాన్ని కూడా కూడండి.

డైక్లోఫెనాక్, కీటోరోలాక్ లాంటివి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, కడుపులో పుండున్నవాళ్లకు, రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు, వీటితో ఆయాసం వచ్చే ఆస్తమా వాళ్లకు ప్రమాదం. యూరిన్ తక్కువ వస్తుంటే అడగకుండా ఇవ్వొద్దు. కీటోరోలాక్ 5 రోజులు దాటకూడదు.

ట్రమడాల్ గబుక్కున తోస్తే వాంతి గ్యారంటీ అనుకోండి, నెమ్మదిగా రెండు మూడు నిమిషాలు పట్టేలా ఇవ్వండి. రోజుకు 400 మిల్లీగ్రాములు గరిష్ఠం. ఫిట్స్ ఉన్నవాళ్లకు, డిప్రెషన్ మందులు వాడేవాళ్లకు ఇచ్చేముందు డాక్టరును అడగాల్సిందే.

మార్ఫిన్ ఐవీ చిన్న చిన్న డోసుల్లో, 1 లేదా 2 మిల్లీగ్రాములు ఇచ్చి కొన్ని నిమిషాలు చూసి మళ్లీ ఇస్తారు. దాని పూర్తి బలం తెలిసేసరికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ లోపు ఓపిక పోగొట్టుకుని డోసు మీద డోసు వేస్తే అన్నీ ఒక్కసారి పనిచేస్తాయి. వృద్ధులకు, కిడ్నీ సరిగా లేనివాళ్లకు ఇంకా జాగ్రత్త, ఒంట్లోనే పేరుకుంటుంది. ఫెంటానిల్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మిల్లీగ్రాములతో కలగాపులగం చేస్తే వెయ్యి రెట్ల తేడా. మరొకరితో డబుల్ చెక్ చేయించుకోవడానికి సిగ్గుపడొద్దు.

స్పైనల్ అయినా, నరం బ్లాక్ అయినా దాని ప్రభావం పోయే వేళకు ముందే మందు పడేలా చూడండి. "ఇప్పుడేం నొప్పి లేదుగా" అని ఆపితే, మత్తు వీడగానే నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, అదీ సరిగ్గా రాత్రి రెండింటికి.

6. మందుతో పాటు

దగ్గేటప్పుడు పొట్ట కుట్ల మీద దిండు గట్టిగా అదిమి పట్టుకోమనండి, చాలా తేడా వస్తుంది. మోకాళ్ల కింద చిన్న దిండు పెడితే పొట్ట కండరాలు వదులవుతాయి. డాక్టరు ఒప్పుకున్నచోట ఐస్ ప్యాక్ బట్ట చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టొచ్చు, మొద్దుబారిన చోట మాత్రం వద్దు. డ్రెయిన్ ట్యూబు లాగుతోందా, కేథటర్ మెలిపడిందా, ఐవీ కాన్యులా దగ్గర వాచిందా, దుప్పటి మడత వీపు కింద నొక్కుతోందా చూడండి. ఇవన్నీ మందుకు అదనం. పదికి ఎనిమిది అన్నవాడికి "దీర్ఘంగా ఊపిరి తీసుకోండి" అని చెప్పి వెళ్లిపోవడం మటుకు అన్యాయం.

డ్రెస్సింగ్ మార్చడం, ఫిజియోథెరపీ, మొదటిసారి లేపి నడిపించడం ఎన్నింటికో ముందే తెలుసుకుని, నోటి మందయితే ఒక గంట ముందు ఇవ్వండి.

7. తిరిగి వెళ్లండి

ఐవీ ఇస్తే 15 నుంచి 30 నిమిషాల్లో, నోటి ద్వారా ఇస్తే గంటకు. ఇది ఎవరూ వద్దనరు, కానీ ఎవరూ చేయరు. మళ్లీ దగ్గించండి, మళ్లీ అంకె అడగండి, ఊపిరి లెక్కపెట్టండి, మత్తు ఎంతుందో చూడండి. ఎనిమిది నాలుగైందా, దగ్గగలుగుతున్నాడా? అయితే సరే. ఎనిమిది ఎనిమిదిలాగే ఉంటే కాన్యులా పనిచేస్తోందా, మందు లోపలికి వెళ్లిందా, పైన 4వ భాగంలో చెప్పినవాటిలో ఏదైనా వదిలేశామా చూసుకుని, డాక్టరుకు ఫోన్ చేయండి. "నొప్పి తగ్గలేదు సార్" అని ఊరుకోకుండా ఏం ఇచ్చారో, ఎన్నింటికిచ్చారో, ఇప్పుడు వైటల్స్ ఎంతో ఒక్క గుక్కలో చెప్పండి. పని తొందరగా అవుతుంది.

8. మత్తు మీద కన్ను

మార్ఫిన్ కుటుంబం మందులతో ఊపిరి తగ్గే ముందు సాధారణంగా మత్తు పెరుగుతుంది. కాబట్టి మాట్లాడించండి. పిలవగానే కళ్లు తెరిచి మాట్లాడితే బాగుంది. మీతో మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం మధ్యలో నిద్రలోకి జారుకుంటే, నొప్పి పది అని చెప్పినా సరే, తర్వాతి డోసు ఆపి డాక్టరుకు చెప్పండి. ఆక్సిజన్ పెట్టిన పేషెంట్‌కు ఎస్పీఓటూ 98 చూపిస్తూనే ఊపిరి ఏడుకో ఆరుకో పడిపోవచ్చు, ఆక్సిజన్ వల్ల ఆ తగ్గుదల మిషన్‌లో ఆలస్యంగా కనిపిస్తుంది. మిషన్‌ను నమ్మి ఛాతీ చూడడం మానకండి. గురక పెట్టేవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లు, నిద్రమాత్రలు కూడా వాడుతున్నవాళ్లు మొదటి 24 గంటలు మీ కళ్లెదుటి మంచంలో ఉంటే మంచిది.

ఊపిరి నిమిషానికి 8కి తగ్గి, పిలిచినా సరిగా లేవకపోతే: మందు ఆపండి, గట్టిగా పిలిచి తట్టండి, తల వెనక్కి వంచి దారి తెరవండి, ఆక్సిజన్ పెట్టండి, సాయానికి కేక వేయండి, ఊపిరి చాలకపోతే అంబూ బ్యాగ్‌తో ఇవ్వండి. ఆర్డరు లేదా ప్రోటోకాల్ ఉంటే నాలోక్సోన్ 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌ను సెలైన్‌తో 10 మిల్లీలీటర్లు చేసి, 1 మిల్లీలీటరు చొప్పున రెండు మూడు నిమిషాలకోసారి, ఊపిరి పుంజుకునేదాకా ఇస్తారు. పేషెంట్ ఊపిరి ఆడుతున్నా మొత్తం ఒక్కసారి తోసేస్తే నొప్పి అంతా తిరిగొచ్చి లేచి కూర్చుంటాడు, బీపీ, పల్స్ ఎగబాకుతాయి. ఇంకో సంగతి, నాలోక్సోన్ బలం మార్ఫిన్ కంటే ముందే అయిపోతుంది. లేచాడని వదిలేస్తే గంటకు మళ్లీ మత్తులోకి జారతాడు.

9. పంపు, ఎపిడ్యూరల్ ఉంటే

పీసీఏ పంపు (నొప్పి వచ్చినప్పుడు పేషెంట్ తనే బటన్ నొక్కి మందు తీసుకునే మిషన్) బటన్ పేషెంట్ మాత్రమే నొక్కాలి. మత్తు ఎక్కువైతే తనే నొక్కలేడు, అదే దాని భద్రత. పక్కన కూర్చున్న కొడుకు "పాపం నాన్న నిద్రలో మూలుగుతున్నాడు" అని నొక్కాడా, ఆ భద్రత పోయినట్టే. ఇంటివాళ్లకు మొదటి రోజే గట్టిగా చెప్పండి.

ఎపిడ్యూరల్‌లో (వెన్ను దగ్గర పెట్టిన సన్నటి గొట్టం ద్వారా మందు ఎక్కించడం) బీపీ, మొద్దుబారుడు ఏ ఎత్తు దాకా ఉందో ఐస్‌తో, కాళ్లు వంచగలుగుతున్నారా అన్నది, ఈ మూడూ చూస్తూ ఉండాలి. కాళ్ల బలం కొత్తగా తగ్గినా, పంపు ఆపాక కూడా తిరిగి రాకపోయినా, కొత్తగా వెన్నునొప్పి వచ్చినా పొద్దున దాకా ఆగకండి. వెన్నులో రక్తం గడ్డకడితే చేతిలో ఉండేవి కొన్ని గంటలే. రక్తం పలచబరిచే ఇంజెక్షన్ నడుస్తుంటే అనస్థీషియా డాక్టరు సమయం చెప్పకుండా ఎపిడ్యూరల్ కేథటర్ తీయొద్దు.

10. రాయడం, అప్పజెప్పడం

పేషెంట్ అన్నది, మీరు చూసింది, మీరు ఇచ్చింది, తర్వాత జరిగింది. ఇలా ఉంటే చాలు: "10:20, కుట్ల దగ్గర కోసినట్టు నొప్పి, పడుకుంటే 3, దగ్గితే 8. ఊపిరి 18, మెలకువగా ఉన్నారు, పొట్ట మెత్తగా ఉంది, యూరిన్ వస్తోంది. ఆర్డరు ప్రకారం మార్ఫిన్ 2 మిల్లీగ్రాములు ఐవీ. 10:45, దగ్గితే 4, ఊపిరి 14, పిలవగానే పలుకుతున్నారు, పక్కకు తిరిగారు." హ్యాండోవర్‌లో దీంతో పాటు తర్వాతి డోసు ఎన్నింటికో, ఈ రోజు పారాసిటమాల్ మొత్తం ఎన్ని గ్రాములైందో, మోషన్ అయ్యిందో లేదో చెప్పండి. ఆ చివరిది అందరూ మర్చిపోతారు, మార్ఫిన్ నడుస్తున్నంత కాలం మలబద్ధకం ఉంటుంది, మోషన్ మందు ఆర్డరులో లేకపోతే రౌండ్స్‌లో మీరే అడగండి.